కార్బొరేటర్లు బిగించిన తరువాత: ఒక మోటారు సైకిలు రోగ నిదానం

వైద్యంలో చికిత్స కంటే నిదానం ముఖ్యమని పెద్దలు అంటారు. రోగం ఏదో తేల్చుకోకుండా ఇచ్చిన మందు పాత రోగాన్ని తగ్గించకపోగా కొత్త రోగాన్ని తెచ్చిపెడుతుంది. యంత్రాల విషయంలోనూ ఇది సత్యమే. సరిగా నడవని మోటారు సైకిలుకు కార్బొరేటర్లు విప్పి, కడిగి, కొత్త సామాను వేసి బిగించిన తరువాత కూడా అది మొరాయిస్తే, లేదా మునుపటి కంటే హీనంగా నడిస్తే ఏమి చేయాలి? చాలామంది కార్బొరేటర్లను మళ్లీ విప్పుతారు. రెండవసారి విప్పుతారు, మూడవసారీ విప్పుతారు. ఆ శ్రమ ఎందుకు వృథా అవుతుందో, దానికి బదులు ఏ క్రమంలో ఆలోచించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 నిబంధనలు అమలులోకి వచ్చిన పిమ్మట, మన దేశంలో తయారయ్యే కొత్త మోటారు సైకిళ్లలో చాలావరకు కార్బొరేటరు స్థానాన్ని ఇంధన ఇంజెక్షను ఆక్రమించింది. అయినప్పటికీ అంతకు ముందు తయారైన బళ్లు నేటికీ మన వీధులలో తిరుగుతూనే ఉన్నాయి. పాల క్యాన్లు మోసేవి కొన్ని, తండ్రి నుంచి కొడుకుకు, అన్న నుంచి తమ్మునికి వచ్చినవి కొన్ని. వాటిని నడిపేవారికీ, వాటిని బాగుచేసి జీవించేవారికీ ఈ విద్య ఇంకా అవసరమే.

ఉదాహరణకు రాజ్‌దూత్ 350 అనే బండిని తీసుకుంటున్నాను. జపాను దేశపు యమహా ఆర్‌డి 350 నమూనాను అనుసరించి ఎస్కార్ట్స్ సంస్థ దీనిని 1983లో మన దేశంలో విడుదల చేసింది. 347 ఘన సెంటీమీటర్ల సామర్థ్యం, రెండు సిలిండర్లు, రెండు స్ట్రోకుల పద్ధతి, ఆరు గేర్లు దీని లక్షణాలు. ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క కార్బొరేటరు ఉంటుంది. ఒక కార్బొరేటరు ఉన్న బండిలో వచ్చే ప్రతి దోషమూ దీనిలో రావచ్చు. అది చాలక రెండింటి మధ్య పొత్తు కుదరని దోషం అదనం. కాబట్టి దీనిని అర్థం చేసుకున్నవానికి మిగిలినవి సులభం.

మూల సూత్రం

గాలి వేగంగా పోయే చోట దాని పీడనం తగ్గుతుంది. ఈ సంబంధాన్ని డానియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. గొట్టం ఇరుకైన చోట ప్రవాహవేగం పెరిగి పీడనం పడిపోతుందని ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి చూపాడు. కార్బొరేటరు గొంతును నేటికీ ఆయన పేరుతోనే వెంచూరి అంటారు. ఈ సూత్రంతో పెట్రోలును తుంపరగా చిమ్మే కార్బొరేటరును 1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్, హంగరీలో బాంకి, చోంకా అనే ఇంజనీర్లు రూపొందించారు.

పిస్టను గాలిని లోపలికి లాగినప్పుడు వెంచూరిలో పీడనం తగ్గుతుంది. కింద ఉన్న గిన్నెలోని పెట్రోలుపై మాత్రం మామూలు వాతావరణ పీడనమే ఉంటుంది. ఈ రెండింటి తేడా వలన పెట్రోలు సన్నని రంధ్రాల గుండా పైకి ఎగబాకి గాలిలో కలుస్తుంది. ఆ రంధ్రాలున్న ఇత్తడి ముక్కలనే జెట్లు అంటాము. గిన్నెలో పెట్రోలు మట్టాన్ని ఫ్లోటు, దాని సూది కలిసి నిలకడగా ఉంచుతాయి.

పెట్రోలు పూర్తిగా దహనం కావడానికి ఒక పాలు పెట్రోలుకు బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి ఎక్కువైతే మిశ్రమం పలచన, పెట్రోలు ఎక్కువైతే చిక్కన. కార్బొరేటరు దోషాలన్నీ చివరకు ఈ రెండు మాటలలోకి వస్తాయి. అందుచేత మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: మిశ్రమం పలచనైందా, చిక్కనైందా? ఆ వెంటనే రెండవ ప్రశ్న: యాక్సిలరేటరు ఎంత తిప్పినప్పుడు?

యాక్సిలరేటరు చెప్పే సాక్ష్యం

కార్బొరేటరులో అన్ని భాగాలూ అన్ని వేళలా సమానంగా పనిచేయవు. ఒక్కొక్క దశలో ఒక్కొక్క భాగానికి పెత్తనం ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే సగం నిదానం అయినట్లే.

యాక్సిలరేటరు మూసి ఉన్న స్థితి నుంచి ఎనిమిదవ వంతు వరకు పైలట్ జెట్టు, దానికి గాలినిచ్చే పైలట్ స్క్రూ పనిచేస్తాయి. ఎనిమిదవ వంతు నుంచి పావు వరకు స్లైడు అడుగున ఏటవాలుగా కోసిన కోతది పెత్తనం. పావు నుంచి ముప్పావు వరకు స్లైడుకు వేలాడే నీడిల్, అది దిగే నీడిల్ జెట్టు పెట్రోలును కొలుస్తాయి. ముప్పావు దాటిన తరువాత మెయిన్ జెట్టు నిర్ణయిస్తుంది. ఈ హద్దులు గీత గీసినట్లు ఉండవు, ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఫ్లోటు మట్టం తప్పితే మాత్రం అన్ని దశలూ చెడతాయి.

దీనిని ఉపయోగించుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉన్నది. పిడి మీద ఒక తెల్ల గుర్తు, దాని పక్కన కదలని భాగం మీద పావు, సగం, ముప్పావు గుర్తులు అంటించాలి. అప్పుడు “బండి సరిగా పోవడం లేదు” అనే మాటకు బదులు “పావు దగ్గర తడబడుతున్నది, సగం దాటితే బాగున్నది” అని చెప్పగలుగుతాము. మొదటి మాట ఫిర్యాదు, రెండవది సాక్ష్యం. అయితే ఇంజను వేగాన్నీ యాక్సిలరేటరు స్థానాన్నీ ఒకటిగా భావించరాదు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తెరచి ఉన్నా ఇంజను నెమ్మదిగానే తిరుగుతుంది. అప్పుడు పెత్తనం మెయిన్ జెట్టుదే.

విప్పే ముందు చేయవలసిన పరీక్షలు

కార్బొరేటర్లు బాగుచేసిన తరువాత బండి చెడుగా నడిచిందంటే మూడు సంగతులలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. దోషం మొదటినుంచి వేరొక చోట ఉన్నది, మనం కార్బొరేటరును నిష్కారణంగా అనుమానించాము. లేదా బాగుచేసే పనిలో మనమే కొత్త దోషాన్ని చేర్చాము. లేదా విప్పడంలో ఒక పాత బలహీనత బయటపడింది. ఈ మూడింటిలో ఏదో తెలియాలంటే కార్బొరేటరు జోలికి పోకుండానే కొన్ని పరీక్షలు చేయవచ్చు.

మొదట పెట్రోలు. ట్యాంకు కుళాయి నుంచి వచ్చే గొట్టాన్ని ఊడదీసి ఒక సీసాలోకి వదలాలి. ధార ఆగకుండా రావాలి. మొదట వచ్చి తరువాత సన్నగిల్లితే ట్యాంకు మూత తెరచి చూడాలి. ధార తిరిగి పెరిగితే మూతలోని గాలి రంధ్రం పూడుకున్నట్లు. సీసాలో అడుగున నీరు గాని, తుప్పు గాని కనిపిస్తే ఎంత శుభ్రంగా కడిగిన జెట్టయినా రేపటికి మళ్లీ పూడుతుంది. ఈ పరీక్ష ఆరుబయట, ఇంజను చల్లారిన తరువాత, నిప్పుకు దూరంగా చేయాలి.

రెండవది నిప్పురవ్వ. ఈ బండిలో ఒక్కొక్క సిలిండరుకు వేరుగా కాంటాక్టు పాయింట్లు, వేరుగా కాయిలు ఉంటాయి. ఒక వైపు పాయింట్లు అరిగినా, సమయం తప్పినా ఆ సిలిండరు తడబడుతుంది. చూసేవానికి అది కార్బొరేటరు దోషంగానే తోస్తుంది. బ్యాటరీ బలహీనమైనా అంతే.

మూడవది సంపీడనం. కిక్కు కొట్టినప్పుడు కాలికి తగిలే ప్రతిఘటన పూర్వం కంటే తగ్గిందా? పీడనమాపకంతో చూసినప్పుడు రెండు సిలిండర్లకు పెద్ద తేడా ఉన్నదా? ఉంటే ఏ జెట్టూ దానిని సరిచేయలేదు.

నాలుగవది గాలి వడపోత. దుమ్ము పట్టినా, నూనె నిండినా మిశ్రమం చిక్కనవుతుంది. దానిని తీసివేసి నడిపితే పలచనవుతుంది. కాబట్టి వడపోత తన స్థానంలో ఉన్నప్పుడు మాత్రమే సెట్టింగులు చూడాలి.

ఇక పలచనా, చిక్కనా అని తేల్చే అతి సులభమైన పరీక్ష చోకు. ఇంజను వేడెక్కిన తరువాత, తడబడే దశలో చోకును కొద్దిగా తెరవాలి. నడక మెరుగైతే మిశ్రమం పలచన. ఇంకా చెడితే చిక్కన. ఒక్క పైసా ఖర్చు లేదు, ఒక్క స్క్రూ తిప్పనక్కరలేదు.

ప్లగ్గు రంగు దీనికి తోడు సాక్ష్యం. పొడిగా నల్లని మసి పడితే చిక్కన, తెల్లబారితే పలచన, లేత గోధుమ వన్నె ఉంటే సరి. అయితే నిలబెట్టి కొంతసేపు నడిపి తీసిన ప్లగ్గు ఆ నిలుపుదల సంగతే చెబుతుంది. ఏ దశను పరీక్షించాలో ఆ దశలో కొంత దూరం నడిపి, క్లచ్చు నొక్కి, ఇంజను ఆపి, బండి ఆగగానే ప్లగ్గు తీసి చూడాలి. నేటి పెట్రోలుతో ఈ రంగులు పూర్వమంత స్పష్టంగా ఉండవు. కనుక ప్లగ్గును ఏకైక సాక్షిగా తీసుకోరాదు.

మన చేతులే చేర్చే దోషాలు

బాగుచేసే పనిలో సాధారణంగా జరిగే పొరపాట్లను లక్షణాల వారీగా చూద్దాము.

పెట్రోలు కారిపోవడం, వాసన, ప్లగ్గు తడిసిపోవడం: ఫ్లోటు సూది తన పీఠంలో సరిగా కూర్చోలేదు, లేదా ఫ్లోటు నాలుక వంగి మట్టం పెరిగింది. గిన్నె బిగించే తొందరలో ఈ నాలుక తేలికగా వంగుతుంది. మట్టాన్ని తయారీదారుల మాన్యువలులో ఇచ్చిన కొలతతో సరిచూడాలి. కంటి అంచనా పనికిరాదు.

చోకు వేసినంత సేపు నడిచి, తీయగానే ఆగిపోవడం: పైలట్ జెట్టు పూడి ఉండవచ్చు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. కంటికి శుభ్రంగా కనిపించే జెట్టు కూడా లోపల సగం మూసుకొని ఉండవచ్చు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి, గాలితో ఊదాలి. ఇనుప తీగతో పొడవరాదు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు తన అంకెను కోల్పోయినట్లే. జెట్టుతో బాటు కార్బొరేటరు దేహంలోని సన్నని దారులనూ ఊదాలి. చాలామంది జెట్టును కడిగి దారిని మరచిపోతారు.

పైలట్ స్క్రూ ఎటు తిప్పాలో తెలియకపోవడం: స్క్రూ గాలి వడపోత వైపు ఉంటే అది గాలిని కొలుస్తుంది. బయటకు తిప్పితే మిశ్రమం పలచనవుతుంది. స్క్రూ ఇంజను వైపు ఉంటే అది సాధారణంగా పెట్రోలు మిశ్రమాన్ని కొలుస్తుంది. బయటకు తిప్పితే చిక్కనవుతుంది. మనం ఉదాహరణగా తీసుకున్న బండిలో ఉన్నది మొదటి రకం. ఈ తేడా తెలియక పలచనైన బండిని ఇంకా పలచన చేసేవారు అనేకులు. స్క్రూను మెల్లగా ఆనే వరకే లోపలికి తిప్పాలి. బలంగా బిగిస్తే దాని మొన, పీఠం రెండూ చెడతాయి.

స్టార్టు కాగానే ఇంజను విపరీతంగా రేసు కావడం: స్లైడును తిరగవేసి పెట్టి ఉండవచ్చు. దాని అడుగున ఉన్న కోత గాలి వడపోత వైపు ఉండాలి. లేదా కేబులు బిగుతుగా ఉండి స్లైడు పూర్తిగా దిగడం లేదు. ఇంజను స్టార్టు చేసే ముందే పిడిని తిప్పి వదలి, స్లైడు టక్కున కిందికి దిగిన చప్పుడు వినాలి. హ్యాండిలును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి కూడా ఈ పరీక్ష చేయాలి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

సగం దగ్గర నీరసం: నీడిల్ క్లిప్పు స్థానం మారి ఉండవచ్చు. క్లిప్పును పై గాడికి మార్చితే నీడిల్ కిందికి దిగి మిశ్రమం పలచనవుతుంది, కింది గాడికి మార్చితే చిక్కనవుతుంది. రెండు నీడిళ్లలో క్లిప్పు ఒకే గాడిలో ఉండాలి.

పూర్తిగా తెరచినప్పుడు బలం లేకపోవడం: మెయిన్ జెట్టు అంకె మారి ఉండవచ్చు. బజారులో దొరికే మరమ్మతు కిట్లలో జెట్ల అంకెలు మన బండికి తగినవని నమ్మడానికి లేదు. అంకె సరిపోయినా రంధ్రం కొలత సరిపోకపోవచ్చు. పాత జెట్టు అరిగిపోనంత వరకు దానినే కడిగి వేయడం మేలు. కొత్తది వేసినా పాతది పారవేయరాదు. పోల్చి చూడడానికి అంతకు మించిన ఆధారం లేదు.

యాక్సిలరేటరు వదలినా ఇంజను వేగం వెంటనే దిగకపోవడం: ఇది తరచు గాలి చొరబాటు లక్షణం. కార్బొరేటరుకు, సిలిండరుకు నడుమ ఉన్న రబ్బరు మూతి పగిలినా, క్లిప్పు వదులైనా, కొలతకు రాని గాలి లోపలికి పోతుంది. క్రాంకు చివర ఉన్న నూనె సీలు అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. రబ్బరు చుట్టూ అనుమానం ఉన్న చోట కొంచెం గ్రీజు పూసి చూడాలి. ఇంజను నడక మారితే చొరబాటు అక్కడే. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు. వేడి ఇంజను మీద అది ఆత్మహత్యాసదృశం, ఎన్నడూ చేయరాదు.

రెండు కార్బొరేటర్ల పొత్తు

రెండెడ్ల బండిలో ఒక ఎద్దు ముందు, ఒక ఎద్దు వెనుక నడిస్తే కాడి ఎలా వంకర పోతుందో, రెండు స్లైడులు ఒకే క్షణంలో లేవకపోతే ఇంజను అలా తడబడుతుంది. వణుకు, నిలుపుదలలో నిలకడ లేకపోవడం, పావు దగ్గర జంకు దీని లక్షణాలు. విడివిడిగా పరీక్షిస్తే రెండు కార్బొరేటర్లూ నిర్దోషంగా కనిపిస్తాయి.

వడపోత గొట్టాలు తీసి, రెండు స్లైడుల కింద ఒకే మందం గల రెండు డ్రిల్ బిట్ల మడమలను ఉంచి నిలుపుదల స్క్రూలను సమం చేయాలి. తరువాత పిడిని మెల్లగా తిప్పుతూ రెండు స్లైడులూ ఒకేసారి కదులుతున్నాయో లేదో కేబుళ్ల సర్దుబాటుతో సరిచేయాలి. చివరకు ఇంజను నడిపి, రెండు పొగగొట్టాల చివర రెండు అరచేతులు కొంచెం ఎడంగా పెట్టి, ఊపిరి రెండు వైపులా సమానంగా తగులుతున్నదో లేదో చూడాలి.

రెండు సిలిండర్లు ఉండడం వలన ఒక గొప్ప లాభమూ ఉన్నది. ఒకటి రెండవదానికి కొలబద్ద. కుడివైపు దోషం ఉంటే కుడి ప్లగ్గును ఎడమకు, ఎడమ ప్లగ్గును కుడికి మార్చి చూడాలి. దోషం కూడా ప్లగ్గుతో బాటు ఎడమకు పోతే ప్లగ్గుదే తప్పు. కదలకుండా కుడివైపే ఉండిపోతే ప్లగ్గు నిర్దోషి. ఇదే విధంగా పైలట్ జెట్లను మార్చి చూడవచ్చు. ఒక్కసారికి ఒక్క వస్తువునే మార్చాలి. రెండు మార్చితే ఫలితం వచ్చినా కారణం తెలియదు. ప్రయోగశాలలో ఒక రాశిని మాత్రమే మార్చి, మిగిలినవి స్థిరంగా ఉంచాలని మనం నేర్చుకున్న నియమం ఇదే.

ప్రమాదం ఎక్కడ ఉన్నది

ఇంతవరకు చెప్పినవి బండి నడకకు సంబంధించినవి. ఇక చెప్పబోయేది ఇంజను ప్రాణానికి, నడిపేవాని ప్రాణానికి సంబంధించినది.

రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టనుకు నూనె విడిగా అందాలి. ఈ బండిలో ఒక చిన్న పంపు ఆ పని చేస్తుంది. యాక్సిలరేటరు తిప్పిన కొద్దీ ఆ పంపు ఎక్కువ నూనె ఇవ్వాలి. అందుకే పిడి నుంచి వచ్చే కేబులు మూడుగా చీలుతుంది: రెండు కార్బొరేటర్లకు, ఒకటి పంపుకు. కార్బొరేటర్ల కేబుళ్లను సర్దినప్పుడు పంపు కేబులు లెక్క కూడా మారిపోతుంది. దానిని మళ్లీ సరిచేయకపోతే పిస్టనుకు నూనె తక్కువగా అందుతుంది. బయటకు ఏ లక్షణమూ కనిపించదు. పొగ తగ్గినందుకు సంతోషించేవారు కూడా ఉంటారు.

దీనికి పలచన మిశ్రమం తోడైతే కీడు రెట్టింపవుతుంది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు వేడిని హరిస్తుంది. పెట్రోలు తగ్గితే ఆ చల్లదనమూ తగ్గుతుంది. పిస్టను వేడెక్కి వ్యాకోచించి సిలిండరు గోడను పట్టేస్తుంది. దానినే సీజు కావడం అంటారు. వేగంగా పోతున్నప్పుడు ఇది జరిగితే వెనుక చక్రం బిగుసుకొని బండి జారిపడుతుంది. ఆ క్షణంలో చేయగల పని వెంటనే క్లచ్చు నొక్కడం ఒక్కటే. కాబట్టి కార్బొరేటర్లు బిగించిన తరువాత చేసే మొదటి ప్రయాణాలలో రెండు వేళ్లు క్లచ్చు మీద ఉండాలి, రద్దీ లేని దారి ఎంచుకోవాలి, శిరస్త్రాణం తప్పనిసరి.

వరుస ఎప్పుడూ ఇదే: ముందు కార్బొరేటర్ల పొత్తు, ఆ వెనుక పంపు. పంపు చక్రం మీది గుర్తు మాన్యువలు చెప్పిన స్థానంలో పిన్నుతో కలవాలి. నూనె గొట్టం ఊడదీసి ఉంటే అందులోని గాలి బుడగలు పోయే వరకు తీసివేయాలి. అనుమానం తీరే వరకు పంపుకు తోడుగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ నూనె కలిపి నడపడం మంచి జాగ్రత్త.

ఒక అనుభవం

ఈ నియమాలు నాకు పుస్తకాల వలన మాత్రమే తెలియలేదు. మా అన్నగారి పాత రాజ్‌దూత్ 350కి కార్బొరేటర్లు నేనే విప్పి, కొత్త సామాను వేసి బిగించాను. చోకుతో స్టార్టయింది. వేడెక్కిన తరువాత నిలుపుదలలో వేగం పెరిగి, చాలాసేపటికి గాని దిగేది కాదు. పావు దగ్గర జంకు. కుడివైపు పొగగొట్టం ఎడమ దానంత వేడెక్కేది కాదు. పైలట్ జెట్టులో మురికి ఉన్నదని నిశ్చయించుకొని మళ్లీ విప్పాను. తరువాత ఫ్లోటు మట్టం మార్చాను. మూడవసారి రెండు స్క్రూలూ, నీడిళ్లూ కలిపి మార్చాను. నాలుగవసారికి మొదట ఏది ఎక్కడ ఉన్నదో నాకే తెలియని స్థితి వచ్చింది.

చివరకు పాత బస్తీలో ఒక వృద్ధ ఉస్తాద్ దగ్గరకు బండిని తోసుకొని పోయాను. ఆయన పనిముట్లు పట్టుకోలేదు. “విప్పక ముందు స్క్రూలు ఎన్ని చుట్లు తెరచి ఉన్నాయి సార్?” అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. ఆయన తన షెడ్డు గోడ వైపు చూపించారు. అక్కడ సుద్దముక్కతో ఉర్దూ అంకెలలో బండి బండికీ ఒక వరుస రాసి ఉన్నది: స్క్రూ చుట్లు, జెట్టు అంకె, క్లిప్పు గాడి. “విప్పే ముందు గోడకు చెబుతాను, బిగించేటప్పుడు గోడ నాకు చెబుతుంది” అన్నారు.

పిమ్మట చోకు పరీక్ష చేశారు. మిశ్రమం పలచన అని తేలింది. రెండు ప్లగ్గుల చోటు మార్చారు, దోషం కుడివైపే నిలిచింది. పైలట్ జెట్లు మార్చారు, అప్పుడూ కదలలేదు. అంటే నేను నాలుగుసార్లు కడిగిన జెట్టు మొదటినుంచీ నిర్దోషి. అప్పుడు కుడి రబ్బరు మూతి అడుగున వేలితో గ్రీజు పూశారు. ఇంజను వేగం అందరికీ వినిపించేలా దిగిపోయింది. రబ్బరును వంచి చూస్తే తప్ప కనిపించని పగులు అక్కడ ఉన్నది. ఎంతకాలంగానో ఉండి ఉంటుంది. నేను కార్బొరేటరును పట్టి లాగిన ప్రతిసారీ అది మరికొంత తెరచుకున్నది.

అంతటితో ఆయన లేవలేదు. నూనె పంపు మూత తీసి లోపలి గుర్తు చూసి, నా వైపు చూశారు. గుర్తు పిన్నుకు చాలా దూరంలో ఉన్నది. కేబుళ్లు నాలుగుసార్లు సర్దిన నేను ఒక్కసారి కూడా ఆ మూత తీయలేదు. ఆ బండి మీద ఆ ఆదివారం మా అన్నగారు, వదినగారు ఊరికి పోవలసి ఉన్నది. “కార్బొరేటరు విప్పినవాడు కార్బొరేటరునే చూస్తాడు సార్. బండిని చూడాలి” అన్నారు ఆయన. ఆ మాట కోపంగా అనలేదు. అందువలననే అది నాకు మరింత తగిలింది.

నేటి పెట్రోలు

పాత బళ్లు ఉన్నవారు మరొక విషయం గమనించాలి. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు మన దేశంలో 2023లో అమ్మకానికి వచ్చింది. 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ఇథనాలులో ఆమ్లజని ఉన్నందున దాని దహనానికి గాలి తక్కువ చాలు: ఒక పాలుకు సుమారు 9 పాళ్లు. 20 శాతం కలిసిన పెట్రోలుకు లెక్క వేస్తే ఈ నిష్పత్తి సుమారు 13.5 వస్తుంది. కాబట్టి పూర్వపు పెట్రోలు కోసం నిర్ణయించిన జెట్టుతోనే నడిపితే మిశ్రమం కొంత పలచన వైపు మొగ్గుతుంది. అంతకు ముందే పలచన అంచున ఉన్న బండికి ఈ కొంచెం తేడా కూడా చాలు. అంతేకాక ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు భాగాలను చెరుపుతుంది. బండిని చాలాకాలం నిలిపి ఉంచేటట్లయితే గిన్నెలలోని పెట్రోలు తీసివేయడం మంచిది. కొత్త ఓ-రింగులు, గొట్టాలు కొనేటప్పుడు ఇథనాలుకు తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి.

ముగింపు

విద్యార్థి మిత్రులారా! పైన చెప్పిన పరీక్షలలో ఖరీదైన పరికరం కావలసినవి దాదాపు లేవు. ఒక సీసా, కొంచెం గ్రీజు, చోకు మీట, రెండు అరచేతులు, ఒక నోటు పుస్తకం చాలు. వీటిలో మనం తరచు మరచిపోయేది నోటు పుస్తకమే. విప్పక ముందున్న స్థితి రాయాలి. లక్షణం ఏ దశలో, ఏ వైపున వచ్చిందో రాయాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చి, ఫలితం రాయాలి. ఫలితం రాకపోతే దానిని మునుపటి స్థితికి తెచ్చి, తరువాతి దానికి పోవాలి.

మన కళాశాల ప్రయోగశాలలో భౌతికశాస్త్రం నేర్చుకునే విద్యార్థికి, వీధి చివర షెడ్డులో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే షాగిర్దుకు నడుమ పెద్ద గోడ ఉన్నదని కొందరు అనుకుంటారు. ఆ ఉస్తాద్ గోడ మీది సుద్ద అంకెలు చూసిన తరువాత నాకు ఆ అభిప్రాయం పోయింది. బెర్నూలీ పేరు ఆయన విని ఉండకపోవచ్చు. కాని పరిశీలన, నమోదు, ఒక్కొక్క మార్పు, నిర్ధారణ అనే శాస్త్రీయ పద్ధతిని ఆయన ప్రతిదినమూ ఆచరిస్తున్నారు. మనం చదివిన సూత్రానికి ఆ క్రమశిక్షణ తోడైతే, చెడిన యంత్రం ముందు మనం ఊహలతో నిలబడము. మన ఇంటివారు ఆ యంత్రం మీద ఎక్కి ప్రయాణం చేసే ముందు, అది నిజంగా బాగుపడిందని చెప్పగల అర్హత అప్పుడే మనకు వస్తుంది.